దులపని జెండాలు

ఏదీ, ఆ ఫోను ఇటు తే. ఇంకాస్త పెద్దది చెయ్యి. నువ్వు బాగానే పడ్డావులేవే, నీ మొహం రోజూ చూస్తానే ఉన్నాగా, నాక్కావాల్సింది నీ ఎనకాల బోర్డు. పైకి జరుపు. ఆఁ, అక్కడ ఆపు. "షంషాద్ బేగం స్మారక హరితవనం." కింద చిన్న అక్షరాలు నాకు ఆనవు, నువ్వే చదువు. ఏందీ? మళ్ళీ చదువు. "మా సంస్థ ఎదుగుదలకు తోడ్పడిన మహనీయురాలు." తోడ్పడిందా! షంషాదా! ఓరి మీ ఇల్లు బంగారం గాను, ఎంత మాట రాశార్రా! మహనీయురాలంట. అది బతికుండగా ఆ మిల్లు గేటు కాడ వాచ్‌మెన్ దాన్ని ఏమనేవాడో నాకు తెలుసు. ఆ మాట నీ ముందు అనకూడదు, బళ్ళో పాఠాలు చెప్పే పిల్లవి. నవ్వుతావేందే? ముందు ఆ చున్నీ తీసి దులుపు, పార్కులో బెంచీ మీద కూర్చోనొచ్చావు, ఎనకంతా తెల్లగా ఉంది. ఇంట్లో కాదే తల్లీ, గుమ్మం అవతలకెళ్ళి దులుపు. ఆ గొంతు గరగర ఏంది? కాసిని మంచినీళ్ళు తాగి వచ్చి కూర్చో, చెప్తా.

షంషాద్ ఎవరంటే ఏం చెప్పేది, దర్జీ. మసీదు సందు మొగదల సెల్లు రీఛార్జీ కొట్టుందే, అదే అప్పుడు దాని కొట్టు. నువ్వప్పుడు మీ అమ్మ చంకలో ఉన్నావు, మీ నాన్న ఉజ్జోగం నూజెండ్లలో, పండగకో పబ్బానికో వచ్చి పోయేవాళ్ళు, మీకేం తెలుసుద్ది. దాని మొగుడు పిడుగురాళ్ళలో లారీ మెకానిక్కు, వారానికోనాడు ఇంటికొచ్చేవాడు. వచ్చినప్పుడు కూడా వీళ్ళిద్దరూ పోట్లాడుకుంటన్నారో మాట్లాడుకుంటన్నారో బయట వాళ్ళకి తెలిసేది కాదు. దాని గొంతే అంత. నన్ను అక్కా అనేది, ఆ అక్కా అనటంలో కూడా ఒక కేక ఉండేది. బురఖాలు కుట్టేది, లంగాలు కుట్టేది, ఊళ్ళో ఆడవాళ్ళ జాకెట్లన్నీ దాని చేతి మీదే. చెయ్యి మంచిది, అది ఒప్పుకోవాలి, చంక కింద ముడత పడేది కాదు. మాట మాత్రం ఒక్కటీ నిజం కాదు. ఎప్పుడెళ్ళినా "రేపు రా అక్కా, చేతులే బాకీ" అనేది. ఆ రేపు వచ్చేసరికి మనం లావన్నా అయ్యేవాళ్ళం, చిక్కన్నా పోయేవాళ్ళం. ఒకసారి నేను ఒళ్ళు మండి, "ఒసేయ్ షంషాదూ, నేను పోయినాక తొడుగుతావా ఏందే ఈ జాకెట్టు?" అన్నా. "నువ్వట్టా తొందరగా పోవులే అక్కా, నాకు తెలుసుగా" అని మిషను తొక్కుతానే ఉంది. తల కూడా ఎత్తలా.

మిల్లు సంగతి నీకు చెప్పేదేముంది, రోజూ బడి కిటికీలోనించి చూస్తంది నిన్ను. అప్పుడు ఇంకా చిన్నది. బడి, బడి గోడ పక్కన పోరంబోకు, దానికవతల మిల్లు. రాయి కాలుస్తారు, పొడి కొడతారు, బస్తాలకెత్తి పంపిస్తారు. ఎక్కడెక్కడో ఇళ్ళకి మన సున్నమే వెల్ల వేసుకుంటారంట. మనూరికి మాత్రం ఎవరూ వెల్ల వెయ్యక్కర్లా, దానంతటదే పడుద్ది. కల్లంలో మిరపకాయలు ఆరబోస్తే సాయంత్రానికి ఉప్పులో పొర్లించినట్టుండేయి. గేదె వీపు మీద పడేది, అన్నంలో పడేది, చివరికి దండెం మీద ఆరేసిన గుడ్డలు తడి మీదే తీస్తే తప్ప లాభం లేకపోయేది. అందుకేగా మనూళ్ళో గుడ్డ దులపందే మడత పెట్టరు, దులపందే కట్టరు. పెళ్ళిలో మధుపర్కాలు కూడా ముందు బయటికి తీసుకెళ్ళి చెరో కొసా పట్టుకొని దులుపుతారు, పురోహితుడు మంత్రం ఆపి కూర్చుంటాడు. బయటూరు నుంచి వచ్చిన కోడళ్ళు మొదట్లో నవ్వుతారు. ఏడాది తిరక్కుండా వాళ్ళే పుట్టింటికెళ్ళి, అక్కడ శుభ్రంగా ఉన్న దుప్పట్లని దులుపుతా తల్లుల చేత తిట్లు తింటారు. మీ అమ్మనడుగు.

ఆ షంషాద్‌కి లేకలేక పుట్టింది ఫరా. బక్కపిల్ల, కళ్ళే ఉండేయి మొహంలో. ఆ పిల్లకి రొమ్ములో పిల్లికూతలు. చలికాలం వస్తే వీధి వీధంతా వినపడేది. బళ్ళో మూడోదో నాలుగోదో చదివేది, మిల్లు ఆడుతున్న రోజు బళ్ళో కూర్చోలేక ఇంటికొచ్చేసేది, వచ్చి తల్లి మిషను కింద, ఆ తొక్కుడు పక్కన, గుడ్డముక్కల మీద ముడుచుకొని పడుకునేది. షంషాద్ ఒక కాలితో తొక్కతా, ఒక చేత్తో ఆ పిల్ల వీపు రాస్తా కుట్టేది. గుంటూరు తీసుకెళ్తే డాక్టరు, "ఏమ్మా, పిల్లని ఆ దుమ్ములో ఉంచమాకు, ఎక్కడికన్నా మార్చు" అన్నాడంట. మంచి మాటే చెప్పాడు, కాదనను. ఇది బస్సు దిగి నేరుగా మనింటికొచ్చింది, పిల్లని ఎత్తుకొనే. ఈ అరుగు మీదే కూర్చొని, "అక్కా, ఎక్కడికి మారుస్తా? మిషను ఇక్కడ, గిరాకీ ఇక్కడ, ఇల్లిక్కడ. పిల్లని మార్చేదేంది, ఆ దుమ్మునే మారుస్తా" అంది. నేను నవ్వా. మజ్జిగ తాగి పో, ఎండన పడి వచ్చావు, తలకెక్కినట్టుంది అన్నా. సరిగ్గా ఆ నెలలోనే పంచాయితీ గోడకి నోటీసు అంటించారు. మిల్లు వాడు ఇంకో మిల్లు కడతాడంట. ఎక్కడా? ఆ పోరంబోకులోనే, బడి గోడకి ఆనించి. అభ్యంతరాలుంటే ఫలానా రోజు ఆఫీసరు గారొచ్చి వింటారు, చెప్పుకోండి అని. షంషాద్ ఆ నోటీసు ముందు నుంచోని రెండుసార్లు చదివించుకుంది ఎవరి చేతో. అప్పుడు నేను నవ్వలా.

ముందు పెద్ద పద్ధతిగా వెళ్ళాం. నరసరావుపేటలో ఏదో ఆఫీసుకి, నలుగురు ఆడవాళ్ళం. అక్కడ గుమాస్తా తల ఎత్తకుండానే "రేపు రండమ్మా" అన్నాడు. మళ్ళీ వెళ్ళాం, మళ్ళీ రేపే. మూడోసారికి షంషాద్ బల్ల మీద చెయ్యేసి, "నాయనా, ఆ మాట పుట్టిందే మా దర్జీల కొట్లో. మాకే అమ్ముతావా?" అంది. వాడికి అర్థం కాలా. బస్సులో వస్తా వస్తా తనలో తనే నవ్వుకుంటంది. ఏందే అంటే, "అక్కా, రేపు అనే మాటకి ఎంత బలం ఉందో ఇన్నాళ్ళూ నాకు తెలవలా. మనిషిని ఎన్నిసార్లయినా తిప్పొచ్చు" అంది. ఇంక చూడు. మర్నాటి నుంచి ఊళ్ళో ఏ ఆడమనిషి జాకెట్టు కోసం వెళ్ళినా ఒకటే మాట. "అయిపోయింది వదినా, గుండీలే బాకీ. సాయంత్రం బడి కాడ మీటింగుందిగా, అక్కడికి తెచ్చి ఇస్తా." మీటింగుకి రాకపోతే జాకెట్టు లేదు. వచ్చి మధ్యలో లేచిపోతే కుడి చెయ్యి కుట్టి ఎడం చెయ్యి కుట్టకుండా ఇచ్చేది. నిజమేనే, నా మీద ఒట్టు! ఊళ్ళో సగం మంది ఆ వేసంగి అంతా పాత జాకెట్లతోనే తిరిగాం.

ఆ మీటింగుకి ఒక సంఘం, ఆ సంఘానికో ప్రెసిడెంటు కావాలిగా. ఇంకెవరు, మీ తాత, శివరామయ్య గారు. ఎందుకంటే ఆయన ఎరువుల కొట్లో పది కుర్చీలుండేయి, ఆయన్ని ప్రెసిడెంటుని చేస్తే కుర్చీలు ఊరికే వస్తాయి. అది షంషాద్ లెక్క. మీ తాత మాత్రం తన తెలివి చూసే ఎన్నుకున్నారనుకున్నాడు పాపం. సంఘానికి పేరు కూడా ఆయనే పెట్టాడు, గ్రామ పర్యావరణ పరిరక్షణ ప్రజా సమితి. ఆ పేరు తప్పు లేకుండా పలకటానికి ఆయనకే రెండు మీటింగులు పట్టింది. ఆడవాళ్ళం జాకెట్ల మీటింగు అనేవాళ్ళం. ఆ సుబ్బారావున్నాడు చూడు, మిల్లుకి లారీలు తిప్పేవాడు, వాడు పెళ్ళాంతో, "ఆ తురకామె మీటింగుకెళ్ళావో కాళ్ళిరగ్గొడతా" అన్నాడంట. సరే, వెళ్ళలా ఆమె. వాళ్ళ కూతురు ఉష పెళ్ళి వచ్చిపడింది. పెళ్ళిపిల్ల జాకెట్టు, పూసలూ అద్దాలూ కుట్టిన పట్టు జాకెట్టు, ఎవరి దగ్గరుందీ? షంషాద్ దగ్గర! తెల్లవారితే ముహూర్తం. సుబ్బారావు పెళ్ళాం కొట్టు ముందు ఏడుపే తక్కువ. "వదినా, ముహూర్తం రేపు." "అవునొదినా, మీటింగేమో ఇయ్యాల." ఆ సాయంత్రం చూడాలి నువ్వు, సుబ్బారావు పెళ్ళాన్ని ఎంటబెట్టుకొని వచ్చి, మీ తాత కుర్చీల్లో మొదటి వరసలో కూర్చున్నాడు, మొహం గంటు పెట్టుకొని. మీటింగయిందాకా కూర్చోబెట్టి, అప్పుడు సంచిలోంచి తీసింది జాకెట్టు. మూడు రోజుల ముందే అయిపోయిందంటనే అది! పెళ్ళిలో ఉష ఆ జాకెట్టుతో ఎంత బాగుందనీ. సుబ్బారావే చెప్పాడు, పని మాత్రం పనే అని.

ఇంక జెండాలకొస్తా. ఆఫీసరు వచ్చే ముందురోజు ఊరంతా నల్లజెండాలు కట్టాలన్నారు. మీ తాత ఆలోచనే అది, ఏ పేపర్లోనో చూసుంటాడు. నల్లగుడ్డ ఎక్కడుంది? బురఖాల తాను ఉందిగా షంషాద్ దగ్గర. మంచి గుడ్డ, మెరిసే నలుపు. కొత్త తాను విప్పి, మొగుడు లబోదిబోమంటన్నా ఇనకుండా, జెండాలు కత్తిరించి అంచులు కూడా మడిచి కుట్టింది. "జెండాకి అంచెందుకే, చించి కట్టు" అంటే, "నా కొట్లోంచి పీలికలు బయటికెళ్ళవు" అంది. ప్రతి గుమ్మానికీ ఒకటి, బడి గేటుకి పెద్దది, వేపచెట్లకి, కరెంటు స్తంభాలకి, చివరికి మిల్లుకెళ్ళే దారి పొడుగూతా కట్టించింది. ఊరు ఊరంతా నల్లగా, భయం పుట్టేటట్టుంది. కట్టినాక వీధుల్లో తిరిగి చెప్పింది, "ఆఫీసరొచ్చిందాకా వీటి మీద ఎవరన్నా చెయ్యేశారో, మీ జాకెట్లు కోసి మసిగుడ్డలు చేస్తా." అంత కోరలున్న మాట ఎవరు జవదాటుతారు. మర్నాడు కబురు, ఆఫీసరు గారికి ఇంకేదో పనంట, వాయిదా. ఎప్పుడంటే మళ్ళీ చెప్తామన్నారు. వారం పోయింది, ఇంకా పైన పడింది. ఆ వారమంతా మిల్లు వాడు పొద్దూ రాత్రీ తేడా లేకుండా ఆడించాడు, ఆఫీసరొచ్చిన రోజు ఆపెయ్యాలిగా మరి, ఆ బస్తాలు ముందే ఎత్తుకోవాలి. మేమేమో రోజూ దుప్పట్లు దులిపాం, చీరలు దులిపాం, మంచాలు దులిపాం. జెండాల జోలికి మాత్రం పోలా. ఏ గుడ్డ కనపడినా దులిపే ఊళ్ళో, దులపకుండా ఉన్న గుడ్డలు అవే.

ఆఫీసరు రానే వచ్చాడు. బడి ముందు షామియానా, బల్ల, బల్ల మీద తెల్లగుడ్డ, పూలు, సీసాల్లో నీళ్ళు, అన్నీ మిల్లు వాడే పెట్టించాడు. అప్పటి మేనేజరు శ్రీనివాసరావని, నున్నగా దువ్వుకొని, మాటకి ముందు సార్, మాటకి ఎనక సార్. ఆ రోజు మిల్లు ఆపేశారు, ఆకాశం నీలంగా ఉంటదని మా ఊరి పిల్లలు ఆ రోజే చూసినట్టున్నారు. ఆఫీసరు కారు దిగి అటూ ఇటూ చూసి ఒకటే సంతోషం. శ్రీనివాసరావు ఆయన చెవిలో ఏదో ఊదాడు. ఆయన మైకు పట్టుకొని, "ఈ గ్రామ ప్రజల సంస్కారాన్ని నేను మనస్ఫూర్తిగా అభినందిస్తున్నాను. ఇటువంటి సభలకు వెళితే సాధారణంగా మాకు నల్లజెండాలు ఎదురవుతాయి. అటువంటిది ఊరంతా తెల్లని పతాకాలు కట్టి, సామరస్యంగా, శాంతియుతంగా స్వాగతం పలకటం నా సర్వీసులో ఇదే మొదటిసారి" అన్నాడు. మేమంతా తలలెత్తి చూశాం. ఓరి దేవుడో, నిజమేనే! బడి గేటు మీద జెండా మల్లెపువ్వల్లే ఉంది. రోజూ దాని కిందనుంచే పోతన్నాం వస్తన్నాం, ఒక్కరికి, ఒక్కరికన్నా తట్టలా. ఊరంతా కలిసి రాజీకొచ్చాం అని జెండాలు కట్టుకొని కూర్చున్నాం! మిల్లు వాళ్ళు చప్పట్లు కొట్టారు. చప్పట్లు వినపడేసరికి మన ఎనక వరసోళ్ళు కూడా కొట్టారు, ఎందుకో వాళ్ళకీ తెలీదు.

ఇప్పుడు మీ తాత. ప్రెసిడెంటు గారు మాట్లాడతారు అన్నారు. పది రోజుల నుంచి అద్దం ముందు నుంచోని గొంతు చించుకున్న మనిషి, లేచి మైకు పట్టుకొని, నీళ్ళు నమిలి నమిలి, "ఆఫీసరు గారికి ధన్యవాదాలు" అని కూర్చున్నాడు. అంతే! శ్రీనివాసరావు మళ్ళీ చప్పట్లు. నాకు తల కొట్టేసినట్టయింది, ఎక్కడన్నా దాక్కుందామా అనిపించింది. అయిపోయింది, ఇంక బడి గోడకే మిల్లు లేచిపోద్ది అనుకున్నా. అప్పుడు షంషాద్ లేచింది. దానికి కోపం దేనికొచ్చిందనుకున్నావు? మిల్లు మీద కాదు, దుమ్ము మీద కాదు. "ఎవరయ్యా తెల్లజెండా కుట్టింది? నేనా? బురఖా గుడ్డయ్యా అది! కొత్త తాను విప్పి నా చేత్తో కత్తిరించా, అంచు కూడా కుట్టా. నల్లగుడ్డో తెల్లగుడ్డో తెలవకుండానే ఇన్నేళ్ళ నుంచి మిషను తొక్కతన్నానా?" దాని పనిని పట్టుకొని మాటన్నాడని అంత మంట. విసవిసా గేటు కాడికెళ్ళి జెండా లాగి తెచ్చి, ఆఫీసరు ముందు బల్ల మీద ఫట్ ఫట్‌మని కొట్టింది. మనం దుప్పటి దులుపుతామే, అట్టా. ఇంక చూసుకో! ఆయన మొహం, కళ్ళజోడు, పూలు, నీళ్ళ సీసాలు, శ్రీనివాసరావు తలనూనె, అంతా సున్నమే. ఆయన దగ్గుతాడు, తుమ్ముతాడు, "ఆపండమ్మా, ఆపండి" అంటాడు. దాని చేతిలో గుడ్డ మాత్రం మళ్ళీ నల్లగా నిగనిగలాడతంది. అది చూసి ముందు లేచిందెవరో తెలుసా, సుబ్బారావు పెళ్ళాం! వాళ్ళ గుమ్మం జెండా పట్టుకొచ్చి తనూ దులిపింది. ఇంక అందరం పరిగెత్తాం. షామియానా కింద ఎదుటి మనిషి కనపడలా. అప్పుడు షంషాద్ చెయ్యెత్తి అందరినీ ఆపి, నెమ్మదిగా అడిగిందే ఆయన్ని. దాని గొంతు అంత నెమ్మదిగా ఉండగలదని నాకు ఆ రోజే తెలిసింది. "సార్, ఇది పది రోజులు బయట కట్టిన గుడ్డ. దులిపితే పోయింది. మా పిల్ల రొమ్ములో తొమ్మిదేళ్ళది ఉంది. దాన్ని ఎట్టా దులపమంటారు?" పక్కన ఫరా నుంచోని ఉంది, ఆ దుమ్ముకి పిల్లికూతలు మొదలయినాయి. మైకు ఆన్‌లోనే ఉంది. ఆ పిల్ల ఊపిరి షామియానా అంతా వినపడింది.

మర్నాడు పేపర్లో రాశారు. వినూత్న నిరసన అంట, నల్లజెండాలను తెల్లబరిచి కాలుష్యాన్ని కళ్ళకు కట్టిన మహిళలు అంట. పేపరు కుర్రాడు వచ్చి అడిగితే షంషాద్ గడ్డం పైకెత్తి, "మరేమనుకున్నావు, వారం పైన కావాలనే దులపనియ్యలా" అంది. పచ్చి అబద్ధం! నేను పక్కనే ఉన్నా. నన్ను చూసి కన్ను కొట్టింది. అదే ఇప్పటికీ అందరూ చెప్పుకుంటారు, ఎంత ముందుచూపు, ఎంత ముందుచూపు అని.

రెండో మిల్లు ఆగింది. ఏ ఊరి నెత్తిన పడిందో అది మేం అడగలా, చల్లగా ఇళ్ళకొచ్చాం. ఉన్న మిల్లుకి దుమ్ము పట్టే మిషను పెట్టాలని ఆర్డరు వచ్చింది. పెట్టాడు. దండేసి, టెంకాయ కొట్టి, పక్కన నిలబడి ఫోటో దిగి, ఆపేశాడు. ఎందుకంటే కరెంటు కాలుద్దంట. ఆఫీసరు వస్తున్నాడంటే వేస్తారు, కారు మలుపు తిరగంగానే తీసేస్తారు. షంషాద్ ఏం చేసిందీ, కొట్టు ముందు కొయ్యకి ఆ గేటు జెండానే కట్టింది. పొద్దున దులిపి కట్టేది, సాయంత్రం చూసేది. నల్లగా ఉంటే సరే. తెల్లబడితే, కుడుతున్న జాకెట్టు కుడుతున్నట్టే వదిలేసి, జెండా పట్టుకొని మిల్లు గేటు కాడికి పోయి, శ్రీనివాసరావు కారు మీద దులిపి వచ్చేది. రోజూనే! వానొచ్చినా, రంజాను ఉపాసాల్లో కూడా. నీరసంగా ఉందిగా, ఒక్కరోజు మానెయ్యవే అంటే, "మిల్లు ఉపాసముంటే నేనూ మానేస్తా అక్కా" అనేది. కొన్నాళ్ళకి అది సందు మలుపు తిరగటం చూసి వాచ్‌మెన్ కేకేసేవాడు, "వస్తందిరోయ్, మిషను వెయ్యండ్రా!" తర్వాత తర్వాత తియ్యటం ఎందుకు, వెయ్యటం ఎందుకు, ఈ తద్దినమంతా ఎందుకని మిషను వేసే ఉంచేశారు. ఆ కొన్నేళ్ళూ మనూళ్ళో మిరపకాయ ఎర్రగా ఎండింది. ఫరా రొమ్ములో కూతలు తగ్గినాయి. పరుగు పందెంలో కప్పు కూడా తెచ్చుకుంది, ఆ కప్పు కొట్లో మిషను మీద పెట్టుకుంది వాళ్ళమ్మ, దారాల ఉండలు వేసుకోటానికి.

తర్వాత ఒకరోజు మధ్యాహ్నం షంషాద్ మిషను మీద తల వాల్చిందంట. నిద్రపోతందనుకున్నారు. దుమ్ము కాదు, రొమ్ము కాదు, గుండె. నాది లేతాకుపచ్చ జాకెట్టు దాని ఒళ్ళో ఉంది, ఒక చెయ్యి కుట్టి ఇంకో చెయ్యి కుట్టకుండా. రేపే ఇస్తానంది దాన్ని. నేను మొగుడు పోయినప్పుడు కూడా అట్టా ఏడవలేదే, మీ తాత ఫోటో ఎదురుగుండానే చెప్తన్నా. మిల్లు వాడు పెద్ద దండ పంపించాడు. ఆ మర్నాడే దుమ్ము పట్టే మిషను ఆపేశాడు. ఇప్పటిదాకా మళ్ళీ వెయ్యలా.

అదీ, వాళ్ళ ఎదుగుదలకి అది తోడ్పడిన ముచ్చట. ఇప్పుడు పార్కు ఎందుకు పెట్టాడనుకున్నావు? మిల్లు నాలుగింతలు పెంచుతాడంట, పెంచాలంటే చెట్లు చూపించాలంట. పంచాయితీ గోడకి మళ్ళీ నోటీసు అంటించారు, నువ్వు బడికి పోతా చూళ్ళా? చూళ్ళేదులే, దుమ్ము కప్పేసుంటది. పెద్దోళ్ళెవరన్నా వస్తన్నారంటే ఆ పార్కులో చెట్లకి ట్యాంకరు పెట్టి తలంట్లు పోస్తారు, అట్టా కడిగితే పచ్చగా ఉంటాయి. మొన్న ప్రారంభానికి ఫరాని పిలిచారు, నరసరావుపేటలో నర్సు చేస్తందిగా, పాపం అమ్మ పేరని వచ్చింది. ఇప్పటి మేనేజరు వేదిక మీద నుంచోబెట్టి శాలువా కప్పాడు. ఫోటోలు తీస్తన్నారు. ఆ పిల్ల నవ్వతానే ఆ శాలువా తీసి, రెండు కొసలూ పట్టుకొని, ఫట్‌మని దులిపి మడత పెట్టుకుంది. కావాలని కాదే, అలవాటు! మనూరి పిల్లగా. మొదటి వరస పెద్దమనుషులంతా ఒకటే దగ్గు. వాళ్ళు తుడుచుకుంటా కూడా చప్పట్లు కొట్టారు. నేను ఎనక కూర్చొని నవ్వి నవ్వి, ఆఖర్న కొంగు కళ్ళకి అడ్డం పెట్టుకున్నా.

మళ్ళీ దగ్గుతన్నావేందే? పొద్దున్నించి చూస్తన్నా. నీళ్ళు తాగావుగా. ఇటు రా, దగ్గరికి రా, ఊపిరి గట్టిగా పీల్చు. మాట్లాడమాక, పీల్చమంటంటే. ఊఁ. వదులు. ఇంకోసారి.

ఎప్పట్నించే ఇది? బళ్ళో చేరిన కాడ్నించా? మరి చెప్పవేందే పిచ్చిమొహమా? నీ ఒక్కదానికేనా, బళ్ళో పిల్లలక్కూడానా?

ఎంతమందికి?

వేళ్ళు చాలటంలా? ఊఁ.

ఏమే చందనా. ఊళ్ళో ఇప్పుడు జాకెట్లు ఎవరే కుడతన్నారు?